పళ్ళెం ముందే ఆకలిచావు

రాజమణి సైదాబాద్‌లోని ఒక అంగన్‌వాడీలో ఇరవై ఏడేళ్ళు ఆయాగా పనిచేసింది. పిల్లలకు తినిపించడంలో ఆమె తర్వాతే ఎవరైనా అని గల్లీ అంతా అనేది. మారాం చేసే పిల్లను చంకనేసుకుని ఎదురింటి గోడ దగ్గరకు నడిచేది. ఆ ఇంట్లో ఒక టర్కీ పుంజు ఉండేది. అది తోక విప్పి గుడగుడలాడుతుంటే పిల్ల నోరు తెరుచుకుని చూసేది. ఆ తెరిచిన నోట్లో ముద్ద పడేది.

కొలువు దిగిపోయాక తనకేం కావాలో భర్త ఉమాపతికి చెప్పింది. టర్కీ పిల్లలు కావాలంది.

"చీర గిట్ల అడుగుతవనుకున్న. ఇదేంది?" అని ఆయన నవ్వాడు. నవ్వినా, నిరుడు మాఘమాసంలో ఎక్కడో విచారించి, గుడ్డులోంచి బయటికొచ్చి ఒక్కరోజైన ఇరవై పిల్లల్ని తెచ్చాడు.

పెరట్లోని రేకుల కొట్టాన్ని రాజమణి శుభ్రంగా ఊడ్చి, వేడి కోసం బల్బు వేలాడదీసింది. పక్కింటి ఖలీల్ భాయ్ తలుపులు, మంచాలు చేస్తాడు. అతని కార్ఖానా నుంచి రంపపు పొట్టు అడిగి తెచ్చి, కాళ్ళకు మెత్తగా ఉంటుందని నేలంతా పరిచింది. పళ్ళేల్లో దాణా పోసింది, చిన్న గిన్నెల్లో నీళ్ళు పెట్టింది.

మర్నాటి నుంచే పిల్లలు వంచిన తల ఎత్తకుండా నేల పొడవసాగాయి. మెడ కింద తిండి చేరే సంచి ఒక్కోదానికి ఉబ్బి కనిపించేది. ఆమె వేలితో తడిమి చూసుకుని మురిసిపోయేది. పళ్ళేల్లోకి ఎక్కి దిగే పిల్లల కాళ్ళకు దాణా చిందిపోయేది. అదంతా తిన్నదే అనుకుని, తగ్గినంతా మళ్ళీ పోసేది.

నాలుగో రోజు పొద్దున కొట్టం తలుపు తీసేసరికి నాలుగు పిల్లలు కాళ్ళు చాపుకుని పడి ఉన్నాయి. ఇంకొన్ని రెక్కలు వేలాడేసుకుని మూలకు చేరాయి. రోగం తగిలిందనుకుంది. చచ్చినవాటిని గుడ్డలో కట్టుకుని, ఉమాపతిని వెంటబెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయింది.

అక్కడి డాక్టరు అమృత ఒక పిల్లను బల్లమీద పెట్టి కోసింది. మెడ కింది సంచిని కోసింది, కందనకాయను కోసింది. రెండింటిలోంచీ తడిసి ముద్దకట్టిన రంపపు పొట్టు బయటికొచ్చింది. రెండో పిల్లనూ కోసింది. అందులోనూ అదే.

"రోగమేమీ లేదమ్మా," అంది డాక్టరు. "ఇవి ఆకలితో చచ్చిపోయాయి."

రాజమణికి ఆ మాట చెవిన పడింది గానీ అర్థం కాలేదు. "దాణా పెట్టిన మేడమ్. పళ్ళెం నిండ పెట్టిన. వీటి కడుపులు నిండినయని చెయ్యి పెట్టి చూసిన."

"నిండింది పొట్టుతోనండి. టర్కీ పిల్లలకు మొదట్లో చూపు సరిగా ఆనదు, ఏది తిండో తెలియదు. కోడిపిల్లల్లా వాటంతటవి నేర్చుకోవు. దాణా రంగు, పొట్టు రంగు ఒకటే కదా."

రాజమణి గోడ పక్కనున్న బెంచీమీద కూలబడింది. ఉమాపతి నీళ్ళ సీసా అందిస్తే పట్టుకుంది గానీ తాగలేదు. డాక్టరు చెబుతున్నవన్నీ ఆయనే కాగితంమీద రాసుకున్నాడు.

ఆటోలో ఉమాపతితో అంది. "నా ముందలనే చచ్చిపోయినయి. నేను సంబరపడుకుంట చూసిన."

ఇంటికొచ్చి, బతికున్న ఒక పిల్లను తీసుకుని సంచి నొక్కి చూసింది. గట్టిగా ఉంది. నిన్నటిదాకా తనను మురిపించిన గట్టిదనమే అది. చేతిలో నిప్పు పడ్డట్టు పిల్లను కింద దించేసింది.

సంగతి విని ఖలీల్ భాయ్ కూడా కొయ్యబారిపోయాడు. "నేనిచ్చిన పొట్టేనా అక్కా? యా అల్లా," అంటూ తనే చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. ఇద్దరూ కలిసి పొట్టంతా ఎత్తిపోసి, కాళ్ళు జారకుండా గోనెసంచులు పరిచారు. డాక్టరు చెప్పినట్టు, దాణా బాగా కనబడాలని రెండో బల్బు పెట్టారు. ఉడకబెట్టిన గుడ్డును నలిపి దాణాలో కలిపారు. మెరిసేవాటిని చూస్తే పిల్లలు పొడుస్తాయని ఎర్రవి, పచ్చవి గాజు గోళీలు పళ్ళేల్లో వేశారు.

రాజమణి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కోదాని ముక్కును పాలు కలిపిన నీళ్ళలో ముంచింది, తర్వాత దాణాలో తాకించింది. మూడు గంటలకోసారి, ఇరవైలో మిగిలిన ఆ పదహారింటికీ అట్లాగే చేసింది. అయినా రెండు రోజుల్లో ఇంకో అయిదు పోయాయి. వాటి కడుపుల్లో పొట్టు అప్పటికే గట్టిపడిపోయింది. ఆ రోజుల్లో రాజమణి తన కంచంలో అన్నం సగమైనా తినలేదు.

మూడో నాటి మధ్యాహ్నం ఒక పిల్ల పచ్చ గోళీని టక్కున పొడిచింది. ముక్కు జారి దాణాలో పడింది. మింగింది. మళ్ళీ పొడిచింది. పక్కది దాన్ని చూసి తానూ పొడిచింది. రాజమణి ఊపిరి బిగబట్టి చూసిందే తప్ప ఉమాపతిని పిలవలేదు. పిలిస్తే బెదురుతాయని భయం.

పదకొండు మిగిలాయి. ఇప్పుడవి ఖలీల్ భాయ్ రంపం మోతకు బదులిచ్చేటంత పెద్దవయ్యాయి. ఈమధ్య ఒక పెట్ట గుడ్లు పెడుతోంది. పొదిగిద్దామా అని ఉమాపతి రెండుసార్లు అడిగాడు.

"ఈ ఏడాది వద్దు," అంటుంది రాజమణి. "నాకింక ధైర్యం వస్తలేదు."