పెద్దక్క దిద్దిన వాంగ్మూలం

ఆ పత్రికలో ముప్పై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న ఆవిణ్ణి ఎడిటర్‌తో సహా అందరూ పెద్దక్క అనేవారు. జైల్లో ముగ్గురు ఖైదీలు దెబ్బలకు చనిపోయారన్న వార్త అచ్చయిన మర్నాడు, పోలీసులు ఆఫీసుకు తాళం వేసి ఎడిటర్‌నీ పెద్దక్కనీ స్టేషన్‌కు తీసుకెళ్లారు.

అధికారి ఆవిడ ముందు టైపు చేసిన కాగితం పెట్టాడు. "ఎడిటర్ ఈ వార్త కల్పించి రాశాడని ఇందులో ఉంది. సంతకం పెట్టి ఇంటికెళ్లిపోండమ్మా."

పెద్దక్క కళ్లజోడు తుడుచుకుని నింపాదిగా చదివింది. చెయ్యి ఊరుకోక నాలుగు అచ్చుతప్పులు దిద్దింది. ఆ తర్వాత "కల్పించి" అన్న మాట కొట్టేసి "విచారించి" అని రాసింది.

"ఇదేంటి?" అన్నాడు అధికారి.

"అదీ తప్పే బాబూ. చనిపోయినవాళ్ల పేర్లు ఆసుపత్రి రిజిస్టరులో సరిచూసింది నేనే. ఇప్పుడైతే సంతకం పెడతాను."

అతను కాగితం చింపేశాడు. పదకొండు రోజుల తర్వాత కోర్టులోనూ ఆవిడ అదే మాట చెప్పింది. వార్త అబద్ధమనడానికి ఒక్క సాక్షీ దొరకక ఇద్దర్నీ వదిలేశారు.

ఆఫీసు తెరవడానికి ఆరు నెలలు పట్టింది. ఆ పొద్దున అందరికంటే ముందొచ్చి బల్ల దులుపుకుంటూ, "ఇవాళ ఏం వేస్తున్నాం తమ్ముడూ?" అని ఎడిటర్‌ని అడిగింది పెద్దక్క.