పొంగిన నాపరాయి

ఆ రోజుల్లో నాకు ఒక గట్టి నమ్మకం ఉండేది. మూఢనమ్మకం చీకటి లాంటిదనీ, చదువుకున్నవాడు దీపం పట్టుకుని వెళితే తలవంచుకుని బయటికి పోతుందనీ. (జనం ఆ దీపం పట్టుకున్నవాడికే దండం పెడతారని అప్పటికి నాకెవరూ చెప్పలేదు.) చర్చావేదికల మీద గొంతు చించుకున్నది చాలక, తాడిపత్రి పక్క ఒక పల్లె హైస్కూల్లో సైన్సు ఐవారుగా చేరాను. చేరీచేరగానే, అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలల్లో తిరుగుతూ అది నిక్కి నిలబడిన చోట నీళ్ళున్నాయని చెప్పే పెద్దమనిషిని టీ అంగడి ముందు నలుగురిలో నిలదీశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. గెలిచాననుకున్నాను.

ఖనిజాల పాఠం వచ్చేసరికి పుస్తకం మూసి, ఊరి చుట్టూ ఏరిన రాళ్ళనే బల్ల మీద పేర్చాను. "వన్నె చూసి మోసపోవద్దు, గుణం చూడండి" అని మొదలుపెట్టాను. (కాషాయం కట్టిన స్వాముల మీద విసిరిన ఆ బాణం పిల్లలెవరికీ తగల్లేదు.) కాకిబంగారం ఎంత తళతళలాడినా గోటికి పొరలు పొరలుగా లేచి వస్తుంది. పలుగురాయి గాజును గీస్తుంది. ముగ్గురాయి చూడ్డానికి మామూలే, చేతిలోకి తీసుకుంటే బరువుకు మణికట్టు వాలిపోతుంది. చివరగా నాపరాయి మీద సీసాలోంచి ఆమ్లం చుక్కలు వేస్తే, అందులోని సున్నపు ఖనిజం బుసబుసా పొంగింది. పిల్లలు కేకలు పెట్టారు. ఆ ఊపులో, "ఈ రాయి సముద్రం అడుగున పుట్టింది. మనం కూర్చున్న చోట ఒకప్పుడు అన్నీ నీళ్ళే!" అన్నాను. వాన మొగం చూడని ఊళ్ళో అనకూడని మాట అది.

తెల్లారేసరికి బడి ముందు బావుల మామ నిలబడి ఉన్నాడు. తవ్వించిన రెండు బావుల్లోనూ చుక్క పడనందుకు ఊరు ఆయనకిచ్చిన బిరుదు అది. మూడోదీ ఎండితే ఆలుమగలు బళ్ళారికి కూలికి పోవలసిందే. తువ్వాలులోంచి తన చేని రాయి తీసి, "దీన్ని గూడా పొంగించు ఐవారూ" అన్నాడు. పొంగించాను. (పరీక్షకు వచ్చిన రాయిని వెనక్కి పంపడం నా సిద్ధాంతానికి విరుద్ధం.)

"ఈడనే తవ్వుతా" అన్నాడు.

"మామా, ఇది నీళ్ళు చూసే మందు కాదు. రాయిలో సున్నముంటే పొంగుతుంది, అంతే."

"సముద్రం ఉండేదని చెప్పినావా లేదా?"

"కోట్ల ఏళ్ళ కిందట!"

"అంత సముద్రంలో నాకు ఒక్క బావికి సరిపడా మిగిలుండదా అప్పా?"

టీ అంగడి ముందు టెంకాయ పెద్దమనిషి నన్ను ఆపాడు. "నాది టెంకాయ, నీది సీసా. ఇంతే గదా ఐవారూ తేడా?"

మామను ఆపుదామని ఆయన చేను దాకా పరుగెత్తాను. అక్కడ నీళ్ళున్నాయో లేవో నాకు తెలియదనీ, నన్ను నమ్మి గడ్డపార వేయవద్దనీ మొత్తుకున్నాను. మామ చేయి ఆగింది. అప్పుడు మామ పెళ్ళాం నెత్తిన గంప దించి, "నీళ్ళుండాయని చెప్పినోళ్ళందర్నీ నమ్మి చెడినాం. తెల్దని చెప్పేవాణ్ణి ఇప్పుడే చూస్తాండాం. నువ్వు తవ్వబ్బా" అంది. నిజాయితీ ఇంత ప్రమాదకరమని ఏ చర్చావేదికా నాకు నేర్పలేదు.

నీళ్ళు పడినాయి. ఊరంతా వచ్చింది. నేను గట్టున నిలబడి, ఇది కేవలం కాకతాళీయమని ఉపన్యాసం ఎత్తుకున్నాను. బురదతో పైకి వచ్చిన మామ చెంబు నా చేతికిచ్చి, "ముందు తాగు ఐవారూ, తరవాత వాదిద్దువు" అన్నాడు. తాగాను. సున్నం ఎక్కువైన నీళ్ళు, సబ్బు నురగ కూడా రాదు. ఆ సంగతి చెబితే, "అదీ ఈయప్పకు తాగంగానే తెలిసిపాయ!" అని జనం చేతులెత్తారు.

ఆ తరువాత ఎన్నో వేదికల మీద గెలిచాను. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కడు కూడా నా మాట మీద గడ్డపార ఎత్తిన పాపాన పోలేదు. ఆ ఊరి నమ్మకాన్ని మాత్రం కదపలేకపోయాను. వేసవి వచ్చిందంటే అటునుంచి వచ్చేవాళ్ళను ఇప్పటికీ అడుగుతుంటాను, మామ బావిలో నీళ్ళున్నాయా అని. ఉన్నాయంటారు. హేతువాదం ఓడిపోయిన ఆ ఒక్క చోట, ఎందుకోగాని, నాకు దిగులు వేయదు.