అత్త తడిపిన కంబళి

పెళ్లయ్యాక కూడా నాటకాల్లో వేషం వేస్తానంటే మదనపల్లెలో మా అత్తగారింట పెద్ద పంచాయితీ జరిగింది. మా ఆయన ఊ అనలేదు, ఊహూ అనలేదు. చివరికి మా అత్తే తీర్పు చెప్పింది.

“ఆడనీరా. నేను గూడా పోతాను.”

అలా డెబ్బైల చివర్లో నా నాటకాలన్నిటికీ ఆమె వెంట వచ్చేది. నా మీద నమ్మకం లేకే అనుకుని లోలోపల ఉడికిపోయేదాన్ని. పైగా చంకలో ఒక నల్లటి గొర్రెబొచ్చు కంబళి. వేదిక పక్కన తెరచాటున కూర్చుని, దాన్ని నీళ్లలో ముంచి, పిండి, ఒళ్లో పెట్టుకునేది. ఆమె పుట్టింటివాళ్లు రామసముద్రం దగ్గర బెల్లం వండేవాళ్లు. పక్కన తడి కంబళి పెట్టుకోకుండా బెల్లం పొయ్యి రాజేయకూడదని వాళ్ల పట్టింపు. ఆమె లెక్కలో వేదిక కూడా పొయ్యే. తెరలు, కాగితం పూలు చూపించి, “అంతా ఎండు సెరుకుపిప్పే గదమ్మా” అనేది. తడి బొచ్చు కంపుకు వేషగాళ్లు ముక్కులు మూసుకునేవాళ్లు. “గొర్రెల్ని గూడా తోలుకొచ్చినారా?” అని మా హార్మోనియం ఆయన వేళాకోళం. నాకు తల కొట్టేసినట్టుండేది.

నిప్పు ఆర్పడానికి వేదిక ముందు ఇసుక నింపిన ఎర్ర బక్కెట్లు ఉండేవి మరి. పుంగనూరులో వాటికి ఆయుధపూజ కూడా చేసేవాళ్లు. బొట్లు పెట్టి, ఇసుకలో ఊదుబత్తులు గుచ్చేవాళ్లు. మిగతా రోజుల్లో ముందు వరస పెద్దమనుషులు చెనక్కాయలు ఒలుచుకుని పొట్టు వాటిలోనే వేసేవాళ్లు. నేల మీద వేస్తే మర్యాద కాదట! కుప్పంలోనూ అదే మర్యాద.

ఆ కుప్పంలోనే ఎనభైల మొదట్లో, ఒక బడి వార్షికోత్సవం సాయంత్రం నాది రాణి వేషం. హారతి ఇచ్చే ఘట్టంలో పళ్లెం జారి, వెలుగుతున్న కర్పూరం నా కుచ్చిళ్ల మీద పడింది. నైలాన్ చీర భగ్గుమంది. మంత్రి వేషంలో ఉన్నాయన పరుగున వెళ్లి ఎర్ర బక్కెట్టు ఎత్తి నా మీద కుమ్మరించాడు. ముందు పడిందంతా చెనక్కాయ పొట్టే. మంట ఇంకా లేచింది. ఇంటి దగ్గర వదిలి వచ్చిన చంటిబిడ్డ కళ్లముందు మెదిలింది. ఇక అయిపోయానే అనుకున్నాను.

అంతలో తడి కంబళి నన్ను చుట్టేసింది. మా అత్త నన్ను కిందికి పడదోసి, పైన తానే పడింది.

“కదలాకమ్మా, నేనుండాను. కదలాక.”

ఆ గొర్రె కంపు ముక్కునిండా పీల్చుకున్నాను. మంట ఆరింది. నా పిక్కలు కాలాయి, ఆమె రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి.

మర్నాడు మా ఆయన మదనపల్లె నుంచి ఆస్పత్రికి వచ్చాడు. మమ్మల్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు.

“ఇంక సాలు. నాటకాలకు ఈ పొద్దుతో దండం.”

కాలిన కాళ్లకన్నా ఆ మాట ఎక్కువ మండింది. ఎదురు చెప్పే మొహం నాకెక్కడిది? అత్త వైపు చూశాను. ఆమె కూడా కొడుకు మాటకే వంత పాడుతుందనడంలో నాకు అనుమానమే లేదు.

కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమె అంది:

“యాలరా? సెయ్యి కాలిందని నేనెప్పుడన్నా వంట మాన్నానా? నువ్వొక్క పొద్దన్నా వచ్చి సూసినావా? ఇది నోరు తెరిస్తే అంత జనమూ కిక్కురుమనకుండా కూసుంటారు. నా కోడలని పక్కనోళ్లకు సెప్పుకుంటాంటే నాకెట్లుంటాదో నీకేం తెలుసురా?”

నేను దిండులో మొహం దాచుకుని ఏడ్చాను. ఆ తర్వాత నేను కట్టిన ప్రతి వేషమూ ఆమె పెట్టిన భిక్షే.