జలుబు తగ్గినా దక్కని కుర్చీ

బీరు కర్మాగారంలో రుచి చూసే ఉద్యోగినికి జలుబు తగ్గింది. కుర్చీ మాత్రం తిరిగి ఇవ్వలేదు. జలుబు చేసినవారు రుచిబల్ల దగ్గర కూర్చోకూడదన్న నియమం ప్రకారం తనకు జలుబు చేసిందని ఆమే స్వయంగా చెప్పింది. తాత్కాలికమంటూ ఆమె తోడికోడలిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఈమెను సీసాలు కడిగే చోటికి పంపారు.

నిన్న కొత్త బ్రౌన్ ఏల్ రుచికి వచ్చింది. నోటికి తేలికగా ఉండేలా తయారుచేసిన ముదురు గోధుమరంగు బీరు అది. రుచిగది అద్దం అవతల తోడికోడలు గ్లాసు తిప్పి, వాసన పీల్చి, ఒక గుక్క నాలుక మీద నిలుపుతుంటే ఇవతల ఈమె కడుపు మండిపోయింది. తోడికోడలు బయటికి రాగానే అడిగింది.

"ఎలా ఉందే?"

"వేయించిన గింజల వాసనక్కా, చివర్లో కాస్త చేదు. మరీ పల్చన. మార్కులు కోసేశా."

"పల్చగా ఉండాలనేగా చేసింది! నీ నోట పడింది, దాని ఖర్మ."

"కుళ్ళుకోకక్కా, చిక్కిపోతావ్!"

కుర్చీ తిరిగి ఇవ్వాలన్న ఆమె ఫిర్యాదును "తోడికోడళ్ళ కుళ్ళు" అంటూ యాజమాన్యం కొట్టేసింది. కుళ్ళే, ఆమె కాదనలేదు. అసూయపడిన మనిషి హక్కు కోల్పోతుందని ఏ నియమంలో రాశారు? మేనేజరుగారూ, నిజం చెప్పినందుకు లాక్కున్న ఆ స్థానాన్ని రేపటి రుచికి ముందే ఆమెకు అప్పగించండి.