రెండు తప్పులూ ఏ పోగు మీద

ముందు సైకిల్ గంట వినిపించింది. శివపార్వతిని కలుద్దామని నేను వెళ్లిన ఆ చీరాల సందు మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంది. అడ్డొచ్చేవాళ్లు లేరు, అయినా గంట ఆగలేదు. ఆ తర్వాత శివపార్వతి మలుపు తిరిగి వచ్చింది. ఎదురుగా ఎవరైనా ఉండి తనకు కనపడకపోతే ఎలా అని ఈమధ్య అలా మోగిస్తూనే తొక్కుతోంది. నిజానికి ఆమె కళ్లు ఇప్పటికైతే బాగానే ఉన్నాయి.

ఆమె పని పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, దాని చివర్లకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతుంది. కళ్లు లేకపోతే ఆ పని లేదు.

తల్లి పేరమ్మకు చిన్న వయసులోనే చూపు మధ్యలో మసక మొదలైంది. "అమ్మ నా ముఖం చూడాలంటే గోడకేసి చూసేదండి. అప్పుడు పక్క చూపులో దొరికేదాన్ని," అని నాతో చెప్పింది శివపార్వతి. పేరమ్మ పెళ్లాడింది సొంత మేనమామనే. ఇప్పుడిద్దరూ లేరు.

హైదరాబాద్ కంటి ఆసుపత్రిలో పరీక్షిస్తే శివపార్వతికి ఒకే జన్యువులో రెండు తప్పులు బయటపడ్డాయి. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులు, తల్లిదొకటి, తండ్రిదొకటి. తప్పులు రెండూ తల్లి ప్రతిలోనే ఉంటే తండ్రిది మంచిది, కళ్లు నిలుస్తాయి. చెరొకదానిలో ఉంటే మంచిదంటూ మిగలదు. మామూలు పరీక్ష డీఎన్ఏను చిన్న ముక్కలుగా చదువుతుంది, ఏ ముక్క ఏ ప్రతిదో చెప్పలేదు. పోల్చి చూడడానికి తల్లిదండ్రులు లేరు.

అక్కడి డాక్టర్ నజ్మీన్ ఇంకో దారి చెప్పింది. చదివేది చిన్న ముక్కలనే, కానీ ఒకే పొడుగాటి డీఎన్ఏ పోగు నుంచి వచ్చిన ముక్కలన్నిటికీ ముందే ఒకే బార్‌కోడ్ అంటిస్తారు. ఆ గుర్తుల్ని కలుపుకుంటూ పోతే, దూరదూరంగా ఉన్న ఆ రెండు తప్పులూ ఒకే పోగువో కావో తేలుతుంది.

మొదట పంపిన రక్తం దారిలో ఎండకు పాడైంది. పోగులు తెగిపోయాయి, మళ్లీ ఇవ్వాలన్నారు.

"తెగితే ఇటు పంపండి మేడమ్, నేను అతికిస్తా," అందట ఫోన్‌లో. నజ్మీన్ నవ్వింది. ఈమె ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ రెండో ఎదురుచూపులో ఆమె ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. మిరపకాయల లారీ పోతే కళ్లలో నీళ్లు తిరిగేవి. ఘాటుకా, జబ్బుకా? అద్దం దగ్గరికి పరుగు. ఒక కన్ను మూసి ఆరేసిన నూలును చూసేది, తర్వాత రెండోది మూసి. ఆకాశం నడుమ మసక కోసం వెతికితే మబ్బు దొరికేది.

ఒకరోజు నేతగాడు చెంచురామయ్య మగ్గం మీద ఎర్ర పోగును పసుపు పోగుకు అతికించింది.

"ఏమమ్మాయ్, కళ్లెక్కడ పెట్టుకున్నావ్?" అరిచాడాయన. ఎవరినైనా అనే మాటే. ఆమె లేచి వీధి కొసదాకా నడిచి, తిరిగొచ్చి, ఆ ముడి విప్పింది.

నేను మళ్లీ వెళ్లిన రోజునే ఫోన్ వచ్చింది. రెండు తప్పులూ ఒకే పోగు మీద ఉన్నాయి. తండ్రి ఇచ్చింది మంచిదే. భర్త కోటేష్ స్వీట్లు తెస్తానని చొక్కా తొడుక్కున్నాడు. ఆమె మాత్రం నవ్వలేదు. లోపల చదువుకుంటున్న కూతురు తేజశ్రీ వైపు చూసింది. కోటేష్ శివపార్వతికి మేనత్త కొడుకు, అంటే పేరమ్మ తల్లి పుట్టింటి రక్తమే.

"బావా, నా చెడ్డ ప్రతి పిల్లకి పోయుండొచ్చు. నువ్వేమిచ్చావ్?"

"నాకేం రోగమే? గద్ద చూపు నాది."

"మా నాన్నదీ గద్ద చూపే. అయినా పరీక్ష చేస్తేనే గదా తేలింది."

కోటేష్ గుమ్మం వైపు జరిగాడు. ఆమె అతని చెయ్యి పట్టేసి నా వైపు తిరిగింది.

"స్వీట్లు తర్వాత తిందురుగానండీ. ముందు ఈయన్ని హైదరాబాద్ బస్సెక్కించాలి. కాస్త ఆ రెండో చెయ్యి పట్టుకోండి."