ఫలక్‌నుమాకు నేను వెళ్ళని మధ్యాహ్నం

ఎవరైనా దయ్యాల సంగతి మొదలుపెడితే అక్కణ్ణుంచి లేచిపోయే మనిషిని నేను. పన్నెండేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో తిరిగాను. అక్కడ నన్ను భయపెట్టినవన్నీ జబ్బులే. ఇప్పటికీ నమ్మకం కలగలేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో హైదరాబాదులో ఒక ప్రభుత్వాసుపత్రి పిల్లల సర్జరీ విభాగంలో నర్సుగా చేసేదాన్ని. మా డాక్టరుగారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. కొందరు పసిపిల్లలకు కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి దిగే దారి పుట్టుకతోనే మూసుకుపోయి ఉంటుంది. కళ్ళు పచ్చబడతాయి, విరేచనం సున్నంలా తెల్లగా అవుతుంది. పేగును తెచ్చి నేరుగా కాలేయానికి కలిపి కుట్టడం ఒక్కటే మా చేతిలో ఉన్న ఉపాయం. బయటి దేశాల్లో పిల్లలకు కాలేయాన్నే మారుస్తున్నారని డాక్టరుగారు పత్రికల్లో చదివి చెప్పేవారు. మాకది అందని మాట.

ఆపరేషన్ అయిన పిల్లలు ఎలా ఉన్నారో ఇళ్ళకు వెళ్ళి చూసి రాసుకురావడం నా పని.

మంజుల అలాంటి పిల్ల. లాల్‌దర్వాజాలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే కుటుంబం వాళ్ళది. తల్లి పేరు యాదమ్మ. ఆపరేషన్ తర్వాత విరేచనం పసుపు రంగుకు తిరిగింది. మేమంతా సంతోషించాం. పిల్లకు ఆరో నెల దాటాక వాళ్ళు రావడం మానేశారు. నేను వెళ్తే ఇంటికి తాళం. ఖాళీ చేసి ఎటో వెళ్ళారన్నారు పక్కవాళ్ళు. నేను రాసిన కార్డు తిరిగొచ్చింది. ఆ పిల్ల కాగితం మీద ‘ఆచూకీ లేదు’ అని రాశాను.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం యాదమ్మ పిల్లను భుజాన వేసుకుని పరుగున వచ్చింది. మంజుల ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి.

“ఇన్నాళ్ళూ ఎటు పోయావమ్మా?” అన్నాను.

“ఫలక్‌నుమాకు మారినం. నిన్న నువ్వే వచ్చి జల్ది తీస్కపో అంటివి గద సిస్టరమ్మా! మా ఆయన ఇంట్ల లేకుండె. గందుకే పొద్దుగాల్నే బయల్దేరిన.”

“నేనా?”

“నువ్వే. పగటిపూట వచ్చినవ్. బిడ్డ బట్ట పక్కన రంగుల అట్ట పెట్టి చూసినవ్. మల్ల తెల్లగైంది, ఆగొద్దన్నవ్.”

పిల్లను పరీక్షిస్తున్న డాక్టరుగారు తలెత్తి నావైపు చూశారు. ముందురోజు పొద్దున్నుంచి సాయంత్రం నాలుగు దాకా నేను ఆయన బల్ల ముందే ఉన్నాను. పిల్లల విరేచనంతో తల్లులు పోల్చి చూసుకోవడానికి ఆయన ఒక రంగుల అట్ట తయారుచేస్తుంటే కాగితాలు కత్తిరించి అంటించాను. రంగు ఆరలేదని దాన్ని బల్ల మీదే వదిలి గదికి తాళం వేశాం. అది మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

“ఎన్ని రంగులున్నాయమ్మా దాని మీద?” అని అడిగారాయన.

“అయిదు సారూ. ఆఖరిది జర పాకింది.”

నిజమే. ఆరకముందే ఆఖరి రంగుకు నా కొంగు తగిలింది.

ఆ మాట అక్కడితో వదిలేసి పిల్లను చేర్చుకున్నాం. పైత్యరసం దారికి చీము పట్టింది. పది రోజులు ఇంజక్షన్లు నడిచాయి. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చేయి దాటిపోయేదన్నారు డాక్టరుగారు. కేసు కాగితంలో మాత్రం ‘తల్లి తీసుకొచ్చింది’ అని రాసి ఊరుకున్నారు.

పిల్ల కోలుకున్నాక నేను నిజంగానే ఫలక్‌నుమా వెళ్ళాను. పక్కింటి ముసలమ్మ నన్ను చూడగానే, “మొన్న నీళ్ళు తాగమంటె వద్దని పోతివి గద బిడ్డా, గిప్పుడన్న తాగు” అంది. అంతకుముందు ఆమెను నేనెన్నడూ చూడలేదు.

వచ్చేటప్పుడు యాదమ్మను ఒక్కటే అడిగాను, ఆ వచ్చినామె సరిగ్గా నాలాగే ఉందా అని.

“గిట్లనే ఉన్నవ్. గదే తెల్ల చీర, గదే సంచి.” పిల్ల తల నిమిరి మెల్లగా అంది, “కాని గా రోజు బిడ్డను పట్టుకొని మస్తు ఏడ్చినవ్.”

తర్వాత మంజుల బడికి వెళ్ళడం కూడా చూశాను. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఎవరింట్లోనూ కన్నీరు పెట్టలేదు. పెడితే ఆ పని చేయలేను. ఆ పిల్ల కోసం ఏడ్చి వెళ్ళిందెవరో నాకిప్పటికీ తెలియదు.