తూకంలోకి రాని మారు అన్నం

మా ఇల్లు కొత్తపేటలో, మెట్రో లైనుకు రెండు సందుల లోపల. కింద మేముంటాం, పైన మా మరదలి కుటుంబం. మరదలి భర్తను మా నల్లగొండ వైపు సడ్డకుడంటాం, అతని గుంటూరు వైపు తోడల్లుడంటారు. ఏ పేరుతో పిలిచినా ఒకే అత్తగారి ముందు ఇద్దరు అల్లుళ్లు పక్కపక్కన నిలబడి కొలతకు రావడమే ఆ బంధుత్వం.

మా విషయంలో ఆ కొలత నిజంగానే టేపుతో మొదలైంది. నాకు షుగరు గీత మీద ఉందని డాక్టరు చెప్పాడు. టేపుతో నడుము కొలిచి, చుట్టూ ఉన్న కొవ్వు తగ్గించుకోమన్నాడు. మూడు నెలల తర్వాత మళ్లీ రక్తం పరీక్ష చేసి, తేడా లేకపోతే గోలీలు మొదలుపెడదామన్నాడు. మా నాన్నకు సగం గోలీతో మొదలై రోజూ సూది దాకా పోయింది. అందుకే ఆ మొదటి గోలీ వేసుకునే రోజు రాకూడదని గట్టిగా అనుకున్నాను.

జిమ్ముకు పోయి ఈ పొట్టతో అద్దాల ముందు నిలబడే ధైర్యం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు డంబెల్స్, ఒక రబ్బరు బ్యాండు, గెంతడానికి తాడు కొన్నాను. ఎక్కి దిగడానికి ఇంట్లో పాత చెక్కపీట ఉండనే ఉంది. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన పొద్దున్నే మొదలుపెట్టాను. నేను పెద్ద చదువులు చదవలేదు. ఎల్బీనగర్‌లో దుకాణాల గల్లాల పక్కన కూర్చుని లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. ఒంటిని కూడా దుకాణం లాగే చూశాను. లోపలికి వచ్చేదెంత, ఖర్చయ్యేదెంత, అంతే కదా. వంటింట్లోకి చిన్న కాటా తెచ్చి, నా కంచంలో అన్నం తూచుకున్నాకే కూర్చునేవాణ్ణి.

వారం తిరక్కముందే సడ్డకుడు టీ గ్లాసుతో డాబా మీదికి వచ్చాడు.

"ఒక్కరే కష్టపడుతున్నారు అన్నయ్యా, నేనూ రానా?"

"రా తమ్మీ, ఎవరొద్దన్నరు?" అన్నాను.

వద్దనాల్సింది. అతనికి ఏ రోగమూ లేదు, ఏ డాక్టరూ గడువు పెట్టలేదు. ఫోనులో పాటలు పెట్టుకుని వచ్చేవాడు. బస్కీలు పదిహేను అని మొదలుపెట్టి, మధ్యలో ఆఫీసు ముచ్చటేదో చెప్తూ అంకె మరిచిపోయి, "ఎన్నయ్యాయి అన్నయ్యా?" అని నన్నే అడిగేవాడు. పన్నెండే అయ్యాయని నాకు తెలుసు. అయినా పదిహేనయ్యాయని చెప్పేవాణ్ణి. ఆ మూడు అతనికి దక్కకుండా చేశానని లోపల చిన్న తృప్తి.

అయినా అతనే తగ్గాడు.

ముందు దవడలు తేలాయి. తర్వాత చొక్కా వదులైంది. ఒకరోజు పీట ఎక్కి దిగుతుంటే, డాబా మీద ఆరేసిన అతని ప్యాంట్లు సరిగ్గా నా కళ్ల ఎదుట వేలాడాయి. నడుము దగ్గర దర్జీ లోపలికి పట్టి వేసిన కొత్త కుట్టు తెల్లగా మెరుస్తోంది. నేను ఎక్కినప్పుడల్లా ఆ కుట్టు, దిగినప్పుడల్లా ఆ కుట్టు. నా ప్యాంటుకు మాత్రం బెల్టు ఎప్పటి రంధ్రంలో అప్పుడే ఉంది.

మా ఆవిడ ఊరుకుంటుందా! "మరిదిని చూడు, ఎట్ల సన్నగైండో. నువ్వు పీట అరగదీస్తున్నవ్ గానీ పొట్ట ఎక్కడిదక్కడనే ఉన్నది."

"ఆయన వయసేంది, నా వయసేంది?"

"ఐదేండ్లే కదా తేడా. ఐదేండ్లకు అంత పొట్టా?"

వయసు తీసేసి చూశాను. అతని ఎత్తు తీసేశాను. ఆఫీసుకు పోతూ వస్తూ ఎక్కే మెట్రో మెట్లు కూడా తీసేశాను. ఎన్ని తీసేసినా నాకు అర్థంకానిదేదో మిగిలేది. జలుబు చేసి అతను డాబా మీదికి రాని రోజు నేను హుషారుగా తాడు గెంతేవాణ్ణి. మర్నాడు తుమ్ముతూనే వచ్చి నాకంటే ఎక్కువసేపు గెంతాడు.

పరీక్షకు నెలన్నర ఉందనగా అత్తమ్మ పెద్ద అంబర్‌పేట్‌లో తన తమ్ముడి ఇంటికి పోయింది. ఆమె మాతోనే ఉంటుంది, పైకీ కిందికీ ఆమే వండుతుంది, వంటిల్లు ఆమె రాజ్యం. గృహప్రవేశానికని పోయి మూడు వారాలు ఉండిపోయింది. ఆ మూడు వారాల్లో నా బెల్టు ఒక రంధ్రం లోపలికి జరిగింది. డంబెల్స్ పనిచేయడం మొదలైందని సంబరపడ్డాను. సడ్డకుడి ముందు చొక్కా లోపలికి దోపుకుని తిరిగాను. అత్తమ్మ తిరిగి వచ్చింది. పది రోజుల్లో బెల్టు పాత రంధ్రానికి వచ్చేసింది.

దుకాణం లెక్కలో తేడా వస్తే నేను రాసిన అంకెల జోలికి పోను. రాయకుండా వదిలేసిందేమిటని వెతుకుతాను. అదే పీట, అవే డంబెల్స్, అదే తూకం అన్నం. మరి మారిందేమిటి? ఆలోచిస్తూ మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాను. తూచుకున్న అన్నం సగం తిన్నానో లేదో, భుజం వెనక నుంచి గరిటె వచ్చి కంచంలో వాలింది. రెండు గరిటెల అన్నం, పైన నెయ్యి.

మారు వడ్డన! అత్తమ్మ దృష్టిలో అల్లుడికి మారు పెట్టకపోవడం కంటే అవమానం లేదు. ఒక్కసారి పెట్టి ఊరుకుంటే పగోనికి పెట్టినట్టు అంటుంది. నేను అడిగింది కాదు, నా చేత్తో వేసుకున్నది కాదు. అందుకే ఇన్నాళ్లూ అది నా లెక్కలోకే రాలేదు. వద్దు అని చెయ్యి అడ్డం పెట్టడం, వేళ్ల సందున ఆమె వేసెయ్యడం కూడా మర్యాదలో భాగమే అనుకున్నాను.

ఖాళీ గిన్నె కాటా మీద పెట్టాను. "అత్తమ్మా, ఇప్పుడు నాకు పెట్టినంత ఇందులో పెట్టు."

ఆమె పెట్టింది. అంకె చూశాను. పొద్దున డాబా మీద నేను చెమటోడ్చిందంతా ఆ గిన్నెలో పొగలు కక్కుతోంది.

ఆమె మొహం మాడిపోయింది. "నా చెయ్యిని తూకమేస్తవా అల్లుడా?"

"నీ చెయ్యిని కాదత్తమ్మా, నా పొట్టను. గోలీలు మింగుమంటవా?"

ఆమె గరిటె గిన్నెలో పడేసి వెళ్లిపోయింది. రెండు రోజులు నా కంచం వైపు రాలేదు. ఎవరూ మారు పెట్టని అన్నం పగవాడి ఇంట్లో తిన్నట్టే ఉంది. మూడో రోజు నేనే ఒప్పందానికి దిగాను. నేను తూచుకున్న అన్నంలోంచే రెండు గరిటెలు తీసి ఆమె గిన్నెలో ఉంచాను. ఆ రెండూ మారుగా ఆమె పెడుతుంది, నెయ్యి లేకుండా. ఆమె ధర్మం ఆమెకు, నా తూకం నాకు.

"నెయ్యి లేని మారు ఏం మారు!" అని గొణిగింది, పెట్టింది.

ఈ సంగతి డాబా మీద సడ్డకుడికి చెప్పాను. అతను తాడు గెంతడం ఆపాడు.

"నాకెప్పుడూ మారు వడ్డించలేదండీ అత్తయ్యగారు," అన్నాడు. "షిఫ్టు అయ్యి వచ్చేసరికి అందరూ తినేస్తారు. టేబుల్ మీద మూత పెట్టింది నేనే వేసుకుంటాను. మధ్యాహ్నం షిఫ్టుకు దిగేటప్పుడు, మీకు కొసరి కొసరి పెడుతుంటే మెట్ల మీంచి చూస్తూ అనుకునేవాణ్ణి, పెద్దల్లుడంటే ఎంత ఇదో అని."

నేను అతని నడుము చూస్తున్నన్ని రోజులూ అతను నా కంచం చూస్తున్నాడన్నమాట. నాకేమీ జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వపడ్డాను.

పరీక్షలో షుగరు గీత కిందికి దిగింది. మరీ ఎక్కువ కాదు, గోలీ వాయిదా పడేటంత. ఇలాగే సాగించమన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చి చెప్తే అత్తమ్మ, "నా చెయ్యి మంచిదే అన్నమాట," అంది.

ఆ ఆదివారం అందరం కిందే కలిసి తిన్నాం. సడ్డకుడు నా పక్కనే కూర్చున్నాడు. మెట్ల మీంచి చూసిన ముచ్చట మరదలి ద్వారా అత్తమ్మ చెవిన పడ్డట్టుంది. గరిటె నా దగ్గరికి వచ్చింది, ఒప్పుకున్న రెండు వేసింది, నెయ్యి లేకుండా. తర్వాత అతని కంచం మీదికి పోయింది. అతను "వద్దండీ, వద్దండీ" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు, నాలాగే, వేళ్లు బాగా ఎడంగా పెట్టి. ఒకటి, రెండు, మూడు. మూడోదాని మీద నెయ్యి ధారగా.

అది కొవ్వని నాకు తెలుసు. ఎన్ని బస్కీలకు సమానమో కూడా తెలుసు. అయినా ఆ మూడో గరిటెను అక్కడే కళ్లతో తూచాను. నా కంచం చాలా తేలిగ్గా ఉంది.